బిళ్ళగన్నేరు నుంచే కీమో మందు తీస్తారట కదా, అమ్మకి ఆ ఆకు కషాయం ఇవ్వొచ్చా?

గోదారిగట్టు
అమ్మకి 58. రొమ్ము కేన్సర్. ఆపరేషన్ అయింది, ఎర్ర మందు నాలుగుసార్లు ఎక్కించారు. ఇప్పుడు పాక్లిటాక్సెల్ మూడు వారాలకోసారి, రెండు అయ్యాయి. రెండోది ఎక్కించిన నాలుగో రోజు నుంచి అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. నిన్న వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది, ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది గుమ్మం దగ్గర ఊడిపోయిన సంగతే తనకి తెలియలేదు. జాకెట్టు హుక్కులు నేనే పెడుతున్నా.

పక్కింటి పిన్నిగారు "ఆ సూదులన్నీ ఎందుకే, మీ పెరట్లో ఉన్న బిళ్ళగన్నేరు నుంచే కదా కేన్సర్ మందు తీసేది, రోజూ పది ఆకులు మరిగించి తాగించు, కాళ్ళు కూడా తేలికపడతాయి" అంటున్నారు. వెతికితే బిళ్ళగన్నేరు నుంచి మందు తీసే మాట నిజమేనని ఉంది. మరి మందు మొక్కలోదే అయితే ఆకు తాగితే తప్పేంటి? ఎవరైనా తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. "వద్దు" అని ఒక్క ముక్కలో కాకుండా, ఎందుకు వద్దో చెప్పండి. అమ్మకి నేను చెప్పుకోవాలి.

వార్డుసిస్టర్
వివరం మిగతావాళ్ళు చెప్తారు. ముందు ఒకటి చెప్పండి, ఇప్పటికే తాగిస్తున్నారా?

వనమూలిక
నేను ఇరవై ఏళ్ళుగా మూలికలు చూస్తున్నవాణ్ణి. మొక్కలో ఒక్క పదార్థం ఉండదు, వందుంటాయి. ఒకదాని వేడిని ఇంకొకటి చల్లారుస్తుంది. కంపెనీవాళ్ళు అందులోంచి ఒక్కదాన్నే పీకి నరంలోకి ఎక్కిస్తున్నారు, అందుకే కాళ్ళు మొద్దుబారుతున్నాయి. మా మేనమామ షుగరుకి బిళ్ళగన్నేరు పూలు నమిలేవాడు, 81 ఏళ్ళు బతికాడు. మితంగా ఇస్తే నష్టం లేదని నా అభిప్రాయం.

పాత_బోటనీ
వనమూలిక గారూ, మీ మేనమామగారు చేసింది మన ఊళ్ళలోనే కాదు, జమైకాలో కూడా చేసేవారు. అసలు కథ అక్కడే మొదలైంది.

1952లో కెనడాలో క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకి జమైకా నుంచి ఒక కవరు వచ్చింది. అందులో 25 బిళ్ళగన్నేరు ఆకులు. అక్కడివాళ్ళు షుగరుకి ఆ ఆకు టీ తాగుతున్నారని రాశారు. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి ఇచ్చాడు. ఆ రసాన్ని ఎలకలకి నోటితో పట్టిస్తే షుగరు తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే వారం తిరక్కుండా చచ్చిపోయాయి, అదీ షుగరు పడిపోయి కాదు, ఇన్ఫెక్షన్లతో. తెల్లకణాలు దారుణంగా పడిపోయాయి. అది చూసి ఆయనా, చార్లెస్ బీర్ అనే కెమిస్టూ ఏళ్ళ తరబడి కూర్చుని ఆ పని చేస్తున్న పదార్థాన్ని విడదీశారు. 1958లో బయటపెట్టారు, అదే విన్‌బ్లాస్టిన్. తెల్లకణాలని అంతలా అణిచేది తెల్లకణాల కేన్సర్ మీద ఎందుకు పనిచేయదని వాళ్ళ ఆలోచన. తర్వాత లిల్లీ అనే మందుల కంపెనీలో స్వొబోడా బృందం అదే ఆకులోంచి విన్‌క్రిస్టిన్ తీసింది. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది.

అమ్మా గోదారిగట్టు, ఇందులో నీకు కావలసిన ముక్క ఒక్కటే. ఆ ఆకు తెల్లకణాలని పడగొడుతుందన్న సంగతితోనే మందు దొరికింది. మీ అమ్మగారికి ఎక్కిస్తున్న పాక్లిటాక్సెల్ కూడా తెల్లకణాలని తగ్గిస్తుంది. అవి అసలే తక్కువగా ఉన్న మనిషికి, ఎంత మోతాదులో పనిచేస్తుందో ఎవరికీ తెలియని అదే రకం పదార్థాన్ని పైన పోస్తామా?

గోదారిగట్టు
@వార్డుసిస్టర్ మూడు రోజులు తాగింది. నేను ఊళ్ళో లేనప్పుడు పిన్నిగారే పంపారు. ఇవాళే తెలిసింది.

వార్డుసిస్టర్
ఆపేయండి. రేపు పొద్దున్నే రక్తపరీక్ష చేయించి, కషాయం సంగతి దాచకుండా డాక్టరుకి చెప్పండి. తిడతారని చాలామంది దాస్తారు. మాకు ఇబ్బంది వచ్చేది అక్కడే. జ్వరం చూసే థర్మామీటరు ఇంట్లో ఉందా?

ల్యాబ్‌కోటు
ప్రొటీన్ల ఆకారాల మీద పీహెచ్‌డీ చేస్తున్నా, డాక్టర్ని కాదు. అసలు మందు లోపల ఏం చేస్తుందో చెప్తా, కాళ్ళ సంగతి కూడా అందులోంచే తేలుతుంది.

మన ప్రతి కణంలో ట్యూబులిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఆల్ఫా, బీటా అని రెండు ముక్కలు జంటగా అతుక్కుని ఉంటాయి. ఆ జంటలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వరసవుతాయి, సాధారణంగా అలాంటి 13 వరసలు గుండ్రంగా చేరితే సన్నని గొట్టం. అదే మైక్రోట్యూబ్యూల్. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములని చెరో పక్కకి లాగేవి ఇవే.

పెళ్ళి పందిరి అనుకోండి. పెళ్ళికి ముందు గుంజలు పాతాలి, అయిపోయాక విప్పాలి. కణంలో ఈ పని క్షణక్షణం జరుగుతూనే ఉంటుంది, ఒక కొసన పేరుస్తూ, మళ్ళీ విప్పుతూ. బిళ్ళగన్నేరు మందులు ట్యూబులిన్ జంటకీ జంటకీ మధ్య దూరి కూర్చుంటాయి. గోడ రాళ్ళ మధ్య గులకరాయి ఇరుక్కుంటే వరస వంకర పోతుంది చూడండి, అలా. పందిరి లేవదు. పాక్లిటాక్సెల్ దీనికి పూర్తిగా తిరగబడ్డ పని చేస్తుంది. అది బీటా ముక్కలో, గొట్టం లోపలివైపు ఉన్న ఒక గుంటలో కూర్చుంటుంది. కూర్చోగానే పక్క వరసని పట్టుకునే చిన్న మడత ఒకటి గట్టిపడి, వరసలు విడివడకుండా బిగుసుకుపోతాయి. ఒకటి పందిరి వేయనివ్వదు, ఇంకొకటి విప్పనివ్వదు. రెంటికీ పట్టు ట్యూబులిన్ మీదే. ఎలా అయినా కణం చీలలేదు.

పాక్లిటాక్సెల్ ఇలా తిరగబడి పనిచేస్తుందని 1979లో సుసాన్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త చెప్పినప్పుడు అది కొత్త విషయం. అప్పటిదాకా తెలిసిన మందులన్నీ గొట్టాలని విడగొట్టేవే. ఆ గుంటలో మందు కూర్చున్న చోటు కళ్ళకి కనబడేలా చూపించింది మాత్రం 1998లో, నోగాలెస్, వుల్ఫ్, డౌనింగ్ అనే శాస్త్రవేత్తలు.

ఇప్పుడు అమ్మగారి కాళ్ళు. ఈ మందు పట్టుకునేది కేన్సర్‌ని కాదు, ట్యూబులిన్‌ని. ట్యూబులిన్ అందరి కణాల్లోనూ ఉంది. నడుము దగ్గర నుంచి కాలి బొటనవేలి దాకా ఒకే నరకణం తీగ దాదాపు మీటరు పొడవు సాగుతుంది. ఆ తీగలో సరుకు మోసే పట్టాలు ఈ గొట్టాలే. నరకణం చీలదు, నిజమే, కానీ పట్టాలు బిగుసుకుపోతే చివరిదాకా సరుకు అందదు. అందుకే అన్నిటికంటే పొడవైన తీగల చివర్లు ముందు మొద్దుబారతాయి. ముందు కాలి వేళ్ళు, తర్వాత చేతి వేళ్ళు. చెప్పు, ఆ తర్వాత జాకెట్టు హుక్కు.

గోదారిగట్టు
ఇది చదివి అమ్మకి వినిపించా. "అయితే మందు పనిచేస్తోందన్నమాట" అంది.

ల్యాబ్‌కోటు
అలా అనుకోకండి, ఇది నేను సరిగ్గా చెప్పాలి. తిమ్మిరి వస్తే మందు గట్టిగా పనిచేస్తున్నట్టు, రాకపోతే చేయనట్టు లెక్క కాదు. అమ్మగారు ఓర్చుకుంటూ దాచేస్తే ప్రమాదం. నరం బాగా దెబ్బతింటే మందు ఆపాక కూడా నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా పోదు కూడా.

కంటిపాప_అమ్మ
మా బాబుకి ఆరో ఏట రక్త కేన్సర్, లింఫోబ్లాస్టిక్ రకం. విన్‌క్రిస్టిన్ వారం వారం ఇచ్చారు. పైన చెప్పిన హవాయి చెప్పు సంగతి చదివి ఏడుపొచ్చింది. వాడికీ అంతే. పాదం ముందు భాగం పైకి లేవక చెప్పు ఈడ్చుకుంటూ నడిచేవాడు. దవడలు నొప్పని అన్నం నమలడు. నాలుగు రోజులకీ విరేచనం అయ్యేది కాదు. ఆ పేగుల్ని కదిపే నరాలు కూడా మందుకి మొద్దుబారతాయని డాక్టరు చెప్పారు.

మధ్యలో ఒకసారి ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చి వేరే ఆసుపత్రిలో ఇట్రాకొనజోల్ మొదలుపెట్టారు. మా కేన్సర్ డాక్టరు చూడగానే ఆపించేశారు. లివర్లో విన్‌క్రిస్టిన్‌ని విరగ్గొట్టే ఎంజైముని అది అడ్డుకుంటుందట, ఇచ్చిన డోసు అదే అయినా ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుందట. మాత్రకే అంత తేడా ఉంటే, ఏముందో తెలియని కషాయం సంగతేంటి?

ఇప్పుడు వాడు తొమ్మిదో తరగతి. సైకిలు తొక్కుతాడు. కాళ్ళు పూర్తిగా మామూలయ్యాయి.

పాలమూరు_పిల్లగాడు
అక్కా, మీ బాబు మంచిగున్నడంటే శాన సంతోషమైంది.

వనమూలిక
అందరూ నా మీద పడ్డారు. సరే. కానీ ఒక ప్రశ్నకి జవాబు చెప్పండి. ఊళ్ళో జనం ఆ ఆకు వాడకపోతే ఆ కవరు కెనడా వెళ్ళేదా? మూలికావైద్యాన్ని కొట్టిపారేసేవాళ్ళు దాని భుజాల మీదే నిలబడ్డారు.

పాత_బోటనీ
ఆ మాట ఒప్పుకుంటాను, మనస్ఫూర్తిగా. కానీ జనం వాడింది షుగరుకి, దొరికింది కేన్సర్‌కి. ఆ మధ్య దూరం మొక్క చెప్పలేదు, ఎలకలు చెప్పాయి.

మీరన్న "ఒకదాని వేడిని ఇంకొకటి చల్లారుస్తుంది" అనే మాట గురించి. బిళ్ళగన్నేరులో 130కి పైగా ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారుచేసే ఘాటైన పదార్థాలు, గుర్తించారు. వేరులో ఉండే అజ్మలిసిన్ బీపీ తగ్గిస్తుంది. ఆకులో ఎక్కువగా ఉండేవి విండొలిన్, కేథరాంథిన్. ఆ రెండూ కలిస్తేనే విన్‌బ్లాస్టిన్ తయారవుతుంది, అదీ అతి కొద్దిగా. విన్‌క్రిస్టిన్ అంతకంటే తక్కువ. టన్నుల లెక్కన ఆకు, గ్రాముల లెక్కన మందు. మొక్క వయసు, ఎండ, నేల మారితే ఆ కొద్దీ మారిపోతుంది. విన్‌క్రిస్టిన్ ఒక్కసారి ఇచ్చేది పెద్దవాళ్ళకి కూడా మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. పది ఆకుల్లో ఎంతుందో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను, 34 ఏళ్ళు బోటనీ చెప్పాను.

పెరటిమొక్క
మరి మొక్క పీకేయాలా? మా ఇంటి ముందు తెల్లదీ గులాబీదీ రెండూ ఉన్నాయి 😟

పాత_బోటనీ
ఎందుకు పీకడం? మడగాస్కర్ నుంచి ఇంత దూరం వచ్చి మన గోడ పగుళ్ళలో కూడా పూస్తోంది. పూజకి కోసుకోండి. మేకలకి, చిన్నపిల్లలకి అందనివ్వకండి చాలు.

డాలస్_శీను
కీమో మందుల్లో మొక్కలవి ఎన్ని ఉన్నాయి? మా నాన్నకి పెద్దపేగు కేన్సర్‌లో ఇరినోటెకాన్ ఇచ్చారు, అది కూడా చెట్టుదే అని నర్సు చెప్పింది.

ల్యాబ్‌కోటు
అవునండీ. చైనాలో పెరిగే కాంప్టోథెకా చెట్టు నుంచి కాంప్టోథెసిన్ తీశారు, దాన్ని కొంచెం మార్చితే ఇరినోటెకాన్, టోపోటెకాన్. దాని పట్టు వేరే ప్రొటీన్ మీద, టోపోఐసోమరేజ్ 1. నులక పేనేటప్పుడు మెలికలు ఎక్కువై తాడు ముడులు పడుతుందే, డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడూ అంతే. ఈ ప్రొటీన్ ఒక పోగు తెంపి, మెలిక వదిలించి, మళ్ళీ అతికిస్తుంది. కాంప్టోథెసిన్ సరిగ్గా ఆ తెగిన చోట దూరి, అతకనివ్వదు. అంటే ప్రొటీన్‌ని చంపదు, తెంపిన చెయ్యి తెంపినట్టే ఉండేలా పట్టుకుంటుంది. దాని మీదకి కాపీ చేసే యంత్రాంగం వచ్చి గుద్దుకుంటే డీఎన్ఏ పూర్తిగా తెగుతుంది. వేగంగా చీలే కణాలకి అది ప్రాణాంతకం.

ఎటొపొసైడ్ అనే కీమో మందు ఇంకో వింత. హిమాలయాల్లోనూ అమెరికాలోనూ ఉండే మేఆపిల్ వేరులోని పొడోఫిల్లోటాక్సిన్ ట్యూబులిన్‌ని పట్టుకుంటుంది. దానికి చక్కెర ముక్క తగిలించి చేసిన ఎటొపొసైడ్ ట్యూబులిన్ జోలికి పోదు, టోపోఐసోమరేజ్ 2ని పట్టుకుంటుంది. చిన్న మార్పు, ప్రొటీనే మారిపోయింది.

అన్నట్టు అమ్మగారికిచ్చిన ఎర్ర మందు మొక్కది కాదు, మట్టిలోని బాక్టీరియాది.

పాత_బోటనీ
కాంప్టోథెసిన్ మన పశ్చిమ కనుమల్లోని నోథపొడైటిస్ చెట్టులో కూడా బాగా ఉందని 1972లోనే గోవిందాచారి, విశ్వనాథన్ చెప్పారు. ఆ తర్వాత ఆ చెట్లని నరికి ఎగుమతి చేసి అడవే పలచబడింది. ఆ నరుకుడు నాకు ఇప్పటికీ బాధే.

పాక్లిటాక్సెల్ విషయంలోనూ అదే గొడవ. అది పసిఫిక్ యూ అనే చెట్టు బెరడుది. 1962లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్థర్ బార్‌క్లే బెరడు సేకరించాడు, 1971లో మన్రో వాల్, మన్సుఖ్ వాణీ దాని నిర్మాణం తేల్చారు. వాణీ గారు మహారాష్ట్ర నందుర్బార్‌లో పుట్టినవారు. కాంప్టోథెసిన్ కూడా ఆ ఇద్దరిదే. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది, నూరేళ్ళ చెట్టు ఒలిస్తే వచ్చేది దాదాపు ఒక్క డోసు. చివరికి యూరప్ యూ చెట్టు ఆకుల్లోంచి దగ్గరి పదార్థం తీసి, ల్యాబులో మిగతా భాగం అతికించే పద్ధతి వచ్చాక చెట్టు బతికింది. ఆకు కోస్తే మళ్ళీ చిగురిస్తుంది కదా.

డాలస్_శీను
నాన్నకి ఇరినోటెకాన్ మొదట్లో బాగా పనిచేసింది, తర్వాత స్కాన్‌లో మళ్ళీ పెరిగింది. గుంట అదే, మందు అదే. ఎందుకు పట్టదు?

ల్యాబ్‌కోటు
బాధగా ఉందండీ. చాలా దారులున్నాయి. కొన్ని కణాలు గోడ మీద పంపులు పెంచుకుంటాయి, లోపలికొచ్చిన మందుని బయటికి తోడేస్తాయి. పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్‌లకి ఇది బాగా తెలిసిన దారి. కొన్నిట్లో ఆ ప్రొటీన్ ఆకారమే కాస్త మారిపోతుంది. కొన్ని ఆ ప్రొటీన్‌ని తక్కువ తయారుచేస్తాయి, పట్టుకోవడానికి చెయ్యి దొరకదు. నాన్నగారిలో ఏది జరిగిందో దూరం నుంచి చెప్పలేం.

ఇంకో దిద్దుబాటు, నా పాత పోస్టుకే. "కణం చీలలేదు" అని రాశాను. అది ప్రయోగశాల గిన్నెల్లో మాట. 2014లో విస్కాన్సిన్ బృందం రొమ్ము కేన్సర్ రోగుల కణితుల్లో చూస్తే, పాక్లిటాక్సెల్ కింద కణాలు ఆగిపోకుండా చీలుతున్నాయి, కానీ రెండు వైపులకి బదులు మూడు నాలుగు వైపులకి లాగేసుకుని, క్రోమోజోములు చిందరవందరై చస్తున్నాయి.

తాడేపల్లి_టీ
మా గ్రూపులో లక్ష్మణఫలం కీమో కంటే పదివేల రెట్లు పవరని వచ్చింది. అదీ మొక్కే కదా, అదీ ఏదో ప్రొటీన్‌ని పట్టుకుంటుందనేగా?

ఫార్మసీ_రమణ
పట్టుకుంటుంది. గొడవే అది. అందులోని అనోనసిన్ కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో మొదటి కాంప్లెక్సుని మూసేస్తుంది. గిన్నెలో కేన్సర్ కణం చస్తుంది, నరకణం కూడా చస్తుంది. గ్వాడెలోప్ దీవిలో ఆ పండు, ఆకు టీ ఎక్కువగా వాడేవాళ్ళలో పార్కిన్సన్ లాంటి జబ్బుకీ దీనికీ సంబంధం ఉందని పరిశోధనలున్నాయి. ఎప్పుడో ఒక పండు తింటే భయం లేదు, రోజూ కషాయం మాత్రం వద్దు.

పశ్చిమగోదారి
మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి మెథోట్రెక్సేట్ అనే కేన్సర్ మందు కూడా ఆకుమందే కదా. పాలకూర అని విన్నా.

ఫార్మసీ_రమణ
సగం నిజం. ఫోలిక్ యాసిడ్‌ని 1941లో పాలకూరలోంచి తీశారు, ఆ పేరు కూడా ఆకు అనే లాటిన్ మాట నుంచే. సుబ్బారావు గారి బృందం లెడర్లీ అనే మందుల కంపెనీలో దాన్ని ల్యాబులో తయారుచేసింది. దాని పోలికతోనే, కానీ కణానికి పనికిరాని నకిలీ అణువులు కూడా చేసింది, మెథోట్రెక్సేట్ అందులో ఒకటి. ఆ నకిలీ వెళ్ళి డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైములో అసలుది కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. డీఎన్ఏకి ముడిసరుకు ఆగిపోతుంది. బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు అలాంటి ఇంకో నకిలీ, అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త కేన్సర్‌ని కొన్నాళ్ళు అణచగలిగానని 1948లో ప్రకటించాడు. ఆ ఏడే సుబ్బారావు గారు పోయారు.

కంటిపాప_అమ్మ
మా బాబుకి విన్‌క్రిస్టిన్‌తో పాటు మెథోట్రెక్సేట్ కూడా ఇచ్చారు. మాది భీమవరం పక్కనే. ఇన్నేళ్ళూ తెలియలేదు.

పాలమూరు_పిల్లగాడు
ఒక డౌటు. మా పెద్దమ్మకు పాక్లిటాక్సెల్ ఎక్కించే ముందు రెండు మూడు సూదులేస్తరు. ఎందుకు?

వార్డుసిస్టర్
డెక్సా, అవిల్, రియాక్షన్ రాకుండా ఆపే సూదులు. ఆ మందు నీళ్ళలో కరగదు తమ్ముడూ. ఆముదం నుంచి చేసిన క్రెమఫోర్ అనే ద్రవంలో, ఆల్కహాల్‌తో కలిపి కరిగిస్తారు. కొందరికి మందు కంటే ఆ క్రెమఫోర్‌కే రియాక్షన్ వస్తుంది, మొహం ఎర్రబడి, ఊపిరాడక. అందుకే ముందు సూదులు, మొదటి పదిహేను నిమిషాలు మేం పక్కనే నిలబడటం. మామూలు సెలైన్ ట్యూబు కూడా వాడం, క్రెమఫోర్ ఆ ప్లాస్టిక్‌లోని పదార్థాన్ని లాగేస్తుంది. వేరే ట్యూబు, మధ్యలో ఫిల్టరు.

పాలమూరు_పిల్లగాడు
మా తాన ఆముదాలు మస్తు పండిస్తరు. ఆ నూనెకు, గీ మందుకు సంబంధం ఉన్నదని ఇయ్యాల్నే తెలిసింది. పెద్దమ్మకు చెప్త, ఆమె చేన్లనే కాయ ఏరేది.

వనమూలిక
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. మొక్కల మీద నా నమ్మకం పోలేదు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళని "కీమో నడుస్తోందా" అని నేను ఎప్పుడూ అడగలేదు. ఇకనుంచి అడుగుతాను. నడుస్తుంటే కషాయం ఇవ్వను.

పాత_బోటనీ
వనమూలిక గారూ 🙏

గోదారిగట్టు
రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు బాగా తక్కువున్నాయి. కషాయం వల్లా, కీమో వల్లా అంటే చెప్పలేమన్నారు డాక్టరు, రెండూ కావచ్చట. తిట్టలేదు. మూడోది వారం వాయిదా వేశారు. ఇకమీదట ఒకేసారి పెద్ద డోసు కాకుండా, తగ్గించి వారం వారం ఇస్తామన్నారు. మందు ఎక్కేటప్పుడు చేతులకీ కాళ్ళకీ ఐసు తొడుగులు పెట్టి చూద్దామన్నారు. మంట, నొప్పి మొదలైతే దానికి మాత్ర ఉందట, ఉత్త మొద్దుబారడానికి మాత్రం లేదట. ఇంట్లో వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోమన్నారు.

పిన్నిగారికి పందిరి కథ నేనే చెప్పాను. పాపం ఆవిడ భయపడిపోయి రోజుకి రెండుసార్లు వచ్చి అమ్మ కాళ్ళు చూసి వెళ్తున్నారు.

వార్డుసిస్టర్
మంచిది. రోజూ రాత్రి అరికాళ్ళు మీరే వెలుతుర్లో చూడండి, ముల్లు గుచ్చుకున్నా ఆవిడకి తెలియదు. స్నానం నీళ్ళ వేడి మీ మోచేత్తో చూడండి, ఆవిడ చేత్తో కాదు. జ్వరం 100.4 తాకిందా, అర్ధరాత్రైనా సరే బయల్దేరండి, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. నా రెండో ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు, థర్మామీటరు?

గోదారిగట్టు
కొన్నాం అక్కా. ఇప్పుడే చూశా, 98.2.